ఆన్‌లైన్ డిగ్రీలో చేరి, మధ్యలో మాయం కాకుండా పట్టా పుచ్చుకోవడం ఎలా?

మొదటి సెమిస్టర్ ఆరో వారానికి వచ్చేసరికి నేను కోర్సు పోర్టల్ తెరిచి 12 రోజులైంది. మొదట ఆఫీసు పని, తర్వాత ఇంట్లో ఒకరికి జ్వరం, ఆ తర్వాత నిజం చెప్పాలంటే ఉత్త బద్ధకం. 13వ రోజు భయపడుతూ లాగిన్ అయ్యాను. ఎవరో ఒకరు గట్టిగా మెసేజ్ పెట్టి ఉంటారనుకున్నాను. ఒక్కటీ లేదు. అదే పేజీ, అవే వీడియోలు, పక్కన రెండు ఎర్ర గుర్తులు. ఎవరైనా తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

కాలేజీకి వెళ్ళి చదివేటప్పుడు రెండు రోజులు కనిపించకపోతే పక్క బెంచీవాళ్ళు ఫోన్ చేస్తారు. మూడో రోజు లెక్చరర్ అడుగుతారు. ఆన్‌లైన్‌లో ఆ అడిగేవాళ్ళు ఉండరు. నాతో చేరినవాళ్ళలో మానేసినవాళ్ళు సిలబస్ అర్థంకాక మానేయలేదు. ఒక వారం ఆగారు, రెండు వారాలు ఆగారు, తర్వాత తిరిగి రావడానికి మొహమాటపడ్డారు. అంతే. 2011లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు కృత్రిమ మేధ మీద ఒక ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెడితే దాదాపు 1,60,000 మంది చేరారు, చివరిదాకా వచ్చినవాళ్ళు 23,000 మందికి అటూ ఇటూ. ఉచిత కోర్సునీ డబ్బు కట్టి చదివే డిగ్రీనీ ఒకే గాటన కట్టలేం, నిజమే. కానీ జారిపోయే తీరు మాత్రం రెండింటిలోనూ ఒకటే. కాబట్టి కింద చెప్పే అంచెల్లో సగం చదువు గురించి, మిగతా సగం మీరు మాయమైతే ఎవరో ఒకరికి తెలిసేలా ఏర్పాటు చేసుకోవడం గురించి.

మొదటి అంచె: చేరే ముందు మూడు ప్రశ్నలు

ఇంట్లో కూర్చుని డిగ్రీ తెచ్చుకోవడం కొత్త సంగతేం కాదు. లండన్ యూనివర్సిటీ 1858 నుంచే తమ కాలేజీల్లో చదవనివాళ్ళకూ పరీక్ష రాసి డిగ్రీ తీసుకునే వీలు కల్పించింది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, 1971లో పాఠాలు మొదలుపెట్టింది. అప్పుడు పాఠాలు బీబీసీ టీవీలో, రేడియోలో వచ్చేవి. అందుకని "ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉంటుందా" అని గుండుగుత్తగా అడిగితే జవాబు దొరకదు. దాన్ని మూడు ముక్కలు చేసి అడగాలి.

ఒకటి, ఈ యూనివర్సిటీకి గుర్తింపు ఉందా? రెండు, ఈ కోర్సును ఆన్‌లైన్‌లో నడపడానికి దానికి అనుమతి ఉందా? మూడు, రేపు నేను ఈ పట్టా పట్టుకుని వెళ్ళబోయే చోట, అంటే ఫలానా ఉద్యోగంలో, ఫలానా దేశంలో, ఫలానా పై చదువుకు, దీన్ని ఒప్పుకుంటారా? చాలామంది మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు. పేరున్న యూనివర్సిటీ అయినా ఒక కోర్సుకు ఆన్‌లైన్ అనుమతి ఉండి, ఇంకో దానికి లేకపోవచ్చు. యూనివర్సిటీ వెబ్‌సైట్ మీద ఉన్న ముద్రలు చూసి ఊరుకోకండి, గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలోకి మీరే వెళ్ళి వెతకండి. అమెరికాలో అయితే విద్యాశాఖ నడిపే అక్రెడిటేషన్ (గుర్తింపు) డేటాబేస్ ఉంది. ఇంగ్లండ్‌లో ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ వారి రిజిస్టర్ ఉంది. భారతదేశంలో యూజీసీ దూరవిద్యా విభాగం ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకు అనుమతి ఉందో జాబితా ప్రకటిస్తుంది. ఆ జాబితాలో మీరు చేరబోయే సంవత్సరం కూడా చూడాలి, పోయినేటి అనుమతి ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు.

మూడో ప్రశ్నకు జవాబు నోటిమాటగా వద్దు, మెయిల్‌లో తెప్పించుకోండి. ముఖ్యంగా నర్సింగ్, టీచింగ్ లాంటి లైసెన్సు కావలసిన వృత్తుల్లో. వాటిలో ప్రాక్టికల్స్‌కు, శిక్షణకు మనిషి స్వయంగా వెళ్ళాలి, "పూర్తిగా ఆన్‌లైన్" అని ప్రకటనలో ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే.

పట్టా మీద "ఆన్‌లైన్" అని రాస్తారా అని కూడా అడగండి. కొన్నిచోట్ల రాస్తారు, కొన్నిచోట్ల రాయరు. ఉదాహరణకు అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో, క్యాంపస్‌లో చదివినవాళ్ళకు ఏ డిగ్రీ పేరు ఉంటుందో వీళ్ళకూ అదే. రాసినా రాయకపోయినా తప్పేం లేదు, ముందే తెలిస్తే ఇంటర్వ్యూలో తడబడరు.

"మీ అనుభవాన్నే మార్కులుగా మార్చి నెలలో డిగ్రీ ఇస్తాం", "ఇవాళ రాత్రిలోపు కడితే సగం ఫీజే" అనేవాళ్ళు కనిపిస్తే అక్కడితో ఫోన్ పెట్టేయండి. మీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే మంచి యూనివర్సిటీలు ఉన్నాయి, కానీ అవి ఆధారాలు అడుగుతాయి, కొన్ని క్రెడిట్ల (డిగ్రీకి కూడబెట్టాల్సిన పాయింట్ల) వరకే ఇస్తాయి, తొందరపెట్టవు.

కట్టే ముందు ఇంకొక పని. ఆ కోర్సులో ఆఖరి సంవత్సరం చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే పట్టుకుని మాట్లాడండి. "బాగుందా" అని అడిగితే బాగుందనే చెప్తారు. అలా కాకుండా "అసైన్‌మెంట్ ఇచ్చాక మార్కులు ఎన్నాళ్ళకు వస్తాయి? ట్యూటర్ మెయిల్‌కు ఎన్ని రోజుల్లో జవాబిస్తారు? మీతో చేరినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" అని అడగండి. మూడో ప్రశ్నకు వాళ్ళు ఎంతసేపు ఆగి జవాబు చెప్తారో చూడండి.

రెండో అంచె: క్రెడిట్లను గంటలుగా మార్చండి

"మీకు వీలైనప్పుడు చదువుకోవచ్చు" అన్న మాట నమ్మి చేరతాం. వీలు అనేది దానంతట అది రాదు. అందుకే కాగితం మీద లెక్క వేయాలి.

క్రెడిట్ అంటే గంటలే. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. బ్రిటన్‌లో క్రెడిట్‌కు 10 గంటలు, ఏడాదికి 120 క్రెడిట్లు. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో క్రెడిట్ అంటే 30 గంటలు. అమెరికాలో ఒక క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, దాని మీద ఇంకో రెండు గంటల సొంత చదువు, సుమారు 15 వారాలపాటు. అంటే మూడు క్రెడిట్ల కోర్సు తీసుకున్నారంటే వారానికి 9 గంటలు. అలాంటివి నాలుగు తీసుకుంటే వారానికి 36 గంటలు. అది ఇంకో ఉద్యోగం.

ఇప్పుడు మీ గత వారం ఎలా గడిచిందో గంట గంటగా రాయండి. ఎలా గడవాలనుకున్నారో కాదు, ఎలా గడిచిందో. నిద్ర, పని, ప్రయాణం, పిల్లలు, ఫోన్. మిగిలిన గంటల్లో మూడో వంతు తీసేయండి, ఏదో ఒకటి వచ్చి పడుతుంది కాబట్టి. ఆ మిగిలినదాంట్లో ఎన్ని కోర్సులు పడతాయో అన్నే తీసుకోండి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళు మొదటి సెమిస్టర్‌లో రెండు కోర్సులకు మించి తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. త్వరగా ముగించాలని నాలుగు తీసుకున్న నా స్నేహితురాలు రెండు తప్పి, మళ్ళీ ఫీజు కట్టి, చివరికి నాకంటే ఒక సెమిస్టర్ ఆలస్యంగా బయటపడింది.

ఇంట్లోవాళ్ళ చెవిన ఇప్పుడే వేయండి. "చదువుకుంటున్నాను, కాస్త సర్దుకోండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "మంగళ, గురువారాల్లో రాత్రి 8 నుంచి 10 దాకా, ఆదివారం పొద్దున 6 నుంచి 10 దాకా నేను ఇంట్లో లేనట్టే" అనండి. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాడు, అది వాళ్ళ తప్పు కాదు. తలుపున్న గది దొరికితే మంచిది. లేకపోతే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పిలవకూడదని ఒప్పందం చేసుకోండి. మా ఇంట్లో ఆ ఒప్పందం మూడు వారాలకు కుదిరింది.

మూడో అంచె: మొదటి వారం చేయాల్సినవి

ఈ వారంలో పాఠాలు తక్కువగా ఉంటాయి. అందుకే చాలామంది దీన్ని గాలికి వదిలేస్తారు. నన్నడిగితే సెమిస్టర్ మొత్తంలో ముఖ్యమైన వారం ఇదే.

ప్రతి కోర్సు ప్రణాళికా తెరిచి, అన్ని తేదీలూ ఒకే క్యాలెండర్‌లో వేయండి. అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, లైవ్ క్లాసులు, పరీక్షలు, ఫీజు గడువు, ఇంకా కోర్సు వదులుకోవడానికి ఆఖరి తేదీ. ఈ చివరిది ఎవరూ వేసుకోరు. దాని అవసరం తర్వాత చెప్తాను.

యూనివర్సిటీ వేరే దేశంలో ఉంటే టైమ్‌జోన్ జాగ్రత్త. "ఆదివారం రాత్రి 11:59" అంటే ఎవరి రాత్రి? దానికి తోడు కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట జరుపుతారు. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గంట ముందుకు వెళ్తుంది. మా యూనివర్సిటీ దేశంలో గడియారం మారింది, నేనున్న చోట మారలేదు. ఇంకా గంట ఉందిలే అని తీరిగ్గా ఆఖరి పేజీ దిద్దుకుంటూ కూర్చున్నాను. సబ్మిట్ నొక్కేసరికి గడువు దాటి 40 నిమిషాలు. 10 శాతం మార్కులు పోయాయి. ఫోన్ క్యాలెండర్‌లో ఈవెంట్ వేసేటప్పుడు యూనివర్సిటీ ఊరి టైమ్‌జోన్‌నే ఎంచుకుంటే, మార్పులు అదే లెక్కగట్టి మీ సమయం చూపిస్తుంది. ఈ చిన్న సంగతి నాకు రెండో ఏడు దాకా తెలియదు.

తర్వాత ట్యూటర్‌కు ఒక చిన్న మెయిల్ రాయండి. ప్రశ్న లేకపోయినా సరే. ఇలా:

"నమస్కారం. ఈ సెమిస్టర్ మీ గణాంక శాస్త్రం కోర్సులో చేరాను. ఉద్యోగం చేస్తూ చదువుతున్నాను. లెక్కల చదువు ఆపి ఎనిమిదేళ్ళయింది కాబట్టి మూడో యూనిట్ గురించి కొంచెం బెరుగ్గా ఉంది. దానికి ముందు ఏదైనా చూసుకుంటే మంచిదంటారా?"

ఇంత చాలు. ఆ ట్యూటర్ తెర మీద మీరు వందల పేర్లలో ఒక పేరు. ఈ నాలుగు వాక్యాలతో ఒక మనిషి అవుతారు. తొమ్మిదో వారంలో గడువు పొడిగించమని అడగాల్సి వచ్చినప్పుడు, అది మీరు రాసే మొదటి మెయిల్ కాకూడదు.

ఇక అన్నిటికంటే పెద్ద పని, ఒక తోడును వెతుక్కోవడం. స్నేహం కుదరక్కర్లేదు, ఒకే కోర్సు చదువుతూ ఇంచుమించు మీలాంటి తీరికే ఉన్న మనిషి చాలు. కోర్సు పేజీలో అందరూ తమను పరిచయం చేసుకునే చర్చలో ఎవరు "ఉద్యోగం చేస్తూ చదువుతున్నా" అని రాశారో చూసి నేరుగా అడగండి. నాకు దొరికినావిడ వేరే ఖండంలో ఉండేది. మా ఒప్పందం ఒకటే: ప్రతి ఆదివారం ఆ వారం చేసినవీ చేయనివీ మూడు లైన్లలో పంపుకోవాలి. మెసేజ్ రాకపోతే సోమవారం రెండోవాళ్ళు "ఏమైంది?" అని అడగాలి. వంద మంది ఉన్న వాట్సాప్ గ్రూపు ఈ పని చేయలేదు. అక్కడ ఎవరు మాట్లాడటం మానేశారో ఎవరూ గమనించరు. పైగా పరీక్షల ముందు ఆ గ్రూపు మోసుకొచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు, నేనైతే మ్యూట్‌లో పెట్టేసేదాన్ని.

నాలుగో అంచె: వీడియోలు చూడటం చదవడం కాదు

లైవ్ క్లాసు ఉంటే లైవ్‌లోనే ఉండండి. "రికార్డింగ్ ఉంటుంది కదా" అనుకున్నది ఏదీ వెంటనే చూడం. అవి పేరుకుపోయి, 14 గంటల బాకీ అయి, ఒక రాత్రి రెట్టింపు వేగంతో పరిగెత్తించాల్సి వస్తుంది. ఆ వేగంలో చెవులకు తప్ప దేనికీ ఏమీ అందదు.

రికార్డింగ్ చూడక తప్పనప్పుడు ముక్కలుగా చూడండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగున్నా చాలామంది నిలబడి చూసేది సుమారు 6 నిమిషాలేనని తేలింది. గంట పాఠం గంటా ఏకబిగిన చూడలేకపోతే మీలో లోపం ఉందని కాదు. ఆరేడు నిమిషాలకు ఆపండి. తెర చూడకుండా, ఇప్పటిదాకా ఏం చెప్పారో రెండు మూడు వాక్యాలు కాగితం మీద రాయండి. గుర్తు రానిది ఏదో తెలుస్తుంది, అక్కడికే వెనక్కి వెళ్ళండి.

ఇలా గుర్తు తెచ్చుకుని రాయడం మొదట్లో చిరాకుగా ఉంటుంది, మళ్ళీ చదువుకోవడమే నయమనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఇదే చేసి చూశారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్ళు ఒక గుంపు, ఒకసారి చదివి రెండోసారి చూడకుండా గుర్తున్నది రాసినవాళ్ళు ఇంకో గుంపు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే తలకిందులైంది: చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంటే, రాసినవాళ్ళకు 56 శాతం. పరీక్ష ఎప్పుడూ ఐదు నిమిషాల్లో ఉండదు కదా.

చర్చల పేజీలో రాయమంటే చాలామంది "చాలా బాగా చెప్పారు, నేనూ ఏకీభవిస్తున్నాను" అని వదిలేస్తారు. దానికి మార్కులూ రావు, మిమ్మల్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మీ పనిలో ఎదురైన ఒక సంగతి కలిపి రాయండి, లేదా మీకు అర్థంకానిది అడగండి. వారం మొదట్లో రాస్తే జవాబులు వస్తాయి, ఆఖరి రోజు రాస్తే ఖాళీ గదిలో మాట్లాడినట్టే.

గ్రూప్ ప్రాజెక్టు గురించి ఎక్కువ చెప్పను, చెప్తే ఆగలేను. మొదటి కాల్‌లోనే ఎవరు ఏ భాగం, ఎప్పటికి అని రాసుకుని అందరిచేతా "సరే" అనిపించుకోండి. ఒకరు మాయమైతే ఆఖరి రోజు దాకా ఆగకుండా రెండో వారంలోనే ట్యూటర్‌కు తెలియజేయండి. అది చాడీ చెప్పడం కాదు.

ఐదో అంచె: అసైన్‌మెంట్లు

ఫైల్ పేరులో కోర్సు, అసైన్‌మెంట్ నంబరు, "ఫైనల్" అన్న మాట బదులు తేదీ పెట్టండి. నేను ఒకసారి సగం రాసిన చిత్తుప్రతిని సబ్మిట్ చేశాను. రెండు ఫైళ్ళకూ పేరులో "ఫైనల్" ఉంది మరి. అప్పటి నుంచి అప్‌లోడ్ చేశాక, అక్కడి నుంచే మళ్ళీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూసుకుంటాను, సబ్మిట్ అయినట్టు వచ్చిన పేజీకి స్క్రీన్‌షాట్ తీసుకుంటాను. రెండు నిమిషాల పని.

ఏ పుస్తకంలోంచి, ఏ వ్యాసంలోంచి తీసుకున్నారో చదువుతున్నప్పుడే దాచుకోండి. దీనికి జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉంది. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, మూడేళ్ళు పనికొస్తుంది. అర్ధరాత్రి కూర్చుని "ఈ వాక్యం ఎక్కడ చదివానబ్బా" అని వెతుక్కునే బాధ తప్పుతుంది. ప్లేజియరిజం (ఇతరుల రాతను మనదిగా చూపడం) కేసుల్లో దొంగతనం కంటే ఇలాంటి అజాగ్రత్తే ఎక్కువని నా అనుమానం.

చాట్‌జీపీటీ లాంటివాటి సంగతి. ప్రతి యూనివర్సిటీకీ, ఒక్కోసారి ప్రతి కోర్సుకూ వేరే నియమం ఉంటుంది. ఒకచోట వాడి చెప్పమంటారు, ఒకచోట అసలు వద్దంటారు. అది చదివి తెలుసుకోండి. ఏదైనా గానీ, రాసేది వెర్షన్ హిస్టరీ (ఎప్పుడు ఏం మార్చారో దాచే సదుపాయం) ఉన్న చోటే రాయండి. మీరే రాసినదాన్ని ఎవరైనా అనుమానిస్తే, పేరా పేరాగా ఎలా పెరిగిందో చూపించవచ్చు. మాటలతో వాదించడం కంటే అది నయం.

ఆరో అంచె: నిఘా పరీక్ష

ఇంట్లో కూర్చుని పరీక్ష రాయడం సుఖమనుకుంటారు. కెమెరా మిమ్మల్ని చూస్తూ ఉంటుంది, బల్ల మీద ఏమీ ఉండకూడదు, రెండో మానిటర్ తీసేయాలి, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, గది నాలుగు మూలలూ కెమెరాతో తిప్పి చూపించమంటారు. ఈ గది చూపించడం మీద అమెరికాలో ఒక విద్యార్థి కోర్టుకు వెళ్తే, 2022లో ఒహాయోలోని ఫెడరల్ జడ్జి అది రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమని విద్యార్థి పక్షాన తీర్పిచ్చారు. అది ఒక ప్రభుత్వ యూనివర్సిటీకి సంబంధించిన తీర్పు, అన్నిచోట్లా వర్తించదు. ఇబ్బందిగా అనిపిస్తే పరీక్షాకేంద్రంలో రాసే వీలుందా అని సెమిస్టర్ మొదట్లోనే అడగండి, చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది.

ఇంట్లోనే రాసేట్టయితే మూడు రోజుల ముందు అదే కంప్యూటర్, అదే ఇంటర్నెట్, అదే గది, అదే గంటకు ట్రయల్ వేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకండి, కంపెనీ పెట్టిన తాళాల వల్ల నిఘా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాకపోవచ్చు. కంప్యూటర్ అప్‌డేట్లు ముందు రోజే పూర్తి చేయండి. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచి, దాన్ని ఎప్పుడు వాడవచ్చో నియమాల్లో చూసుకోండి. కొన్నిచోట్ల పరీక్ష మొదలయ్యాక ఫోన్ ముట్టుకోవడమే తప్పు. చదువుతూ పెదవులు కదిపే అలవాటు ఉంటే మానుకోండి, నాకు దానికి రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. మధ్యలో కనెక్షన్ పోతే టైమ్ చూసి, రాగానే సహాయకేంద్రానికి చాట్‌లో రాసి, ఆ చాట్ కాపీ దాచుకోండి.

ఏడో అంచె: వెనకబడినప్పుడు

వెనకబడతారు. ఎప్పుడన్నదే తేలాలి. నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అది ఐదు, ఎనిమిది వారాల మధ్య వచ్చింది. కొత్త ఉత్సాహం అయిపోతుంది, చివర ఇంకా కనిపించదు.

అప్పుడు అందరం చేసే తప్పు ఒకటుంది. వదిలేసిన మూడు వారాలనూ మొదటి నుంచి వరుసగా పూర్తి చేసి, ఆ తర్వాతే ప్రస్తుతంలోకి రావాలనుకుంటాం. బుద్ధిమంతుల ఆలోచనలా ఉంటుంది. కానీ పాతది చేస్తుండగా కొత్తది పాతబడుతుంది, మనం ఎప్పుడూ మూడు వారాల వెనకే నడుస్తుంటాం. నేను ఆరో వారంలో అదే చేసి ఇంకో పది రోజులు పోగొట్టుకున్నాను. దానికి వ్యతిరేకంగా చేయండి: ఈ వారం పాఠం ఇవాళే మొదలుపెట్టండి, అర్థం కాకపోయినా సరే. ఏ మాట అర్థం కాలేదో అది పాత వారాల్లో ఎక్కడుందో వెతికి అంతమేరకే చదవండి. పాతవాటిలో మార్కులున్న అసైన్‌మెంట్లు మాత్రమే ఒక కాగితం మీద రాసి, ఎక్కువ మార్కులున్నదాని నుంచి మొదలుపెట్టండి. మార్కులు లేని పాత వీడియోలను సెలవుల దాకా మరిచిపోండి.

రెండో పని ట్యూటర్‌కు రాయడం. గడువు దాటాక కాదు, ముందే. కథ అక్కర్లేదు:

"నమస్కారం. ఇంట్లో అనారోగ్యం వల్ల రెండు వారాలు వెనకబడ్డాను. శుక్రవారం ఇవ్వాల్సిన రెండో అసైన్‌మెంట్ సగం అయింది, ఇప్పటివరకు రాసింది జత చేస్తున్నాను. మంగళవారం దాకా గడువు ఇవ్వగలరా? ఆధారం ఏదైనా కావాలంటే పంపుతాను."

సగం రాసింది జత చేయడంలోనే అసలు సంగతుంది. అడుగుతున్న మనిషి పనిలోనే ఉన్నాడని దాంతో తెలుస్తుంది. నేను ఇలా అడిగిన మూడుసార్లలో రెండుసార్లు ఇచ్చారు, ఒకసారి కుదరదన్నారు. కుదరదన్నప్పుడు ఉన్నదే సబ్మిట్ చేసి 46 మార్కులు తెచ్చుకున్నాను. సున్నా వచ్చి ఉంటే కోర్సే పోయేది. మామూలుగా మంచి మార్కులు తెచ్చుకునేవాళ్ళకే ఇది కష్టం. బాగా లేనిది ఇవ్వడం ఇష్టంలేక అసలు ఇవ్వరు.

మూడోది, నిజంగానే కొనసాగించలేని పరిస్థితి వస్తే. ప్రసవం, ఉద్యోగం పోవడం, ఇంట్లో చావు, మనసు బాగుండకపోవడం. అప్పుడు ఊరికే లాగిన్ అవడం మానేయడం వేరు, పద్ధతి ప్రకారం ఆగడం వేరు. మానేస్తే ఫెయిల్ పడుతుంది, ఫీజు పోతుంది. ఆఖరి తేదీలోపు కోర్సు వదులుకుంటే చాలాచోట్ల మార్కుల జాబితాలో ఫెయిల్ ఉండదు, ఒక్కోసారి ఫీజులో కొంత తిరిగి వస్తుంది. క్యాలెండర్‌లో ఆ తేదీ వేయమన్నది ఇందుకే. అది దాటిపోయినా సెమిస్టర్ విరామం, ప్రత్యేక పరిస్థితుల దరఖాస్తు లాంటివి ఉంటాయి. విరామం తీసుకునే రోజే తిరిగి వచ్చే తేదీ కూడా రాయించుకోండి. డిగ్రీ మొత్తం ఎన్నేళ్ళలో ముగించాలో ఒక పరిమితి ఉంటుంది, విరామం అందులో లెక్కకు వస్తుందో రాదో అడగండి.

నన్ను వెనక్కి తెచ్చింది మాత్రం ఈ లెక్కలేవీ కావు. ఆరో వారానికి నాకింకా తోడు లేరు. ఆ 13వ రోజు రాత్రి సిగ్గు చంపుకుని చర్చల పేజీలో "నేను రెండు వారాలు వెనకబడ్డాను, నాలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని రాశాను. తెల్లారేసరికి నాలుగు జవాబులు, అందులో ఒకటి ఇందాక చెప్పినావిడది. మొదటి వారంలోనే వెతుక్కోమని అంతలా చెప్పడం అందుకే.

చివరి అంచె: పట్టా చేతికొచ్చేదాకా

ఆఖరి సెమిస్టర్‌కు ముందే మీ క్రెడిట్ల లెక్క యూనివర్సిటీచేత సరిచూయించుకోండి. ఒక ఐచ్ఛిక కోర్సు తప్పు విభాగంలో పడి ఆర్నెల్లు అదనంగా చదివిన మనిషి నాకు తెలుసు. కొన్నిచోట్ల పట్టాకు విడిగా దరఖాస్తు చేయాలి, దానికీ గడువు ఉంటుంది. పేరు అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదాంతో సహా. పట్టా వేరే దేశంలో వాడాలంటే చాలా దేశాలకు అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదని ప్రభుత్వం ధ్రువీకరించే ముద్ర, కావాలి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం పట్టా ఇచ్చిన దేశంలోనే ఆ ముద్ర వేయించాలి, మీరున్న దేశంలో కాదు. పట్టా మీ ఇంటికి పోస్టులో వచ్చేశాక మళ్ళీ వెనక్కి పంపే బదులు, ముందే అడిగి ముద్ర వేయించి పంపమనవచ్చు.

పోర్టల్ ఇంకా తెరుచుకుంటుండగానే మార్కుల జాబితాలు, ప్రతి కోర్సు సిలబస్, మీ అసైన్‌మెంట్లు, ట్యూటర్ల వ్యాఖ్యలు డౌన్‌లోడ్ చేసుకోండి. పై చదువుకు వెళ్ళినా, క్రెడిట్లు బదిలీ చేయించుకున్నా సిలబస్ కాపీ అడుగుతారు. స్టూడెంట్ మెయిల్ కొన్నాళ్ళకు ఆగిపోతుంది. దాంతో తెరిచిన ఖాతాలు, జొటెరోతో సహా, సొంత మెయిల్‌కు మార్చుకోండి. సిఫారసు లేఖ కావలసిన ట్యూటర్‌కు ఆ మెయిల్ ఆగకముందే రాయండి, పాత ఉత్తరాల కింద జవాబుగా రాస్తే మీరెవరో వాళ్ళకు గుర్తుకు తేవాల్సిన పని కూడా ఉండదు.